ముప్పై మూడు దగ్గర ఊపిరి

మా తాత లావ్రిన్ హొరొబెత్స్ చచ్చినన్నిసార్లు ఈ భూమ్మీద మరో మనిషి చావలేదు. కావాలంటే పందెం కాస్తాను. మొత్తం నలభై మూడుసార్లు. తుపాకీ గుళ్ళకు పంతొమ్మిది, కత్తికి తొమ్మిది, నీళ్ళలో మునిగి అయిదు, ఉరికంబం మీద నాలుగు, విషజ్వరంతో మూడు, గుర్రం కిందపడి రెండు, పుట్టగొడుగులు తిని ఒకటి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ రెండు పక్కలా చచ్చాడు. పొద్దున జర్మన్ అధికారిగా చచ్చి, లేచి బోర్ష్ అనే బీట్‌రూట్ సూపు తాగి, మధ్యాహ్నం అదే జర్మన్‌ను చంపినవాడి తమ్ముడిగా చచ్చిన రోజు కూడా ఉంది. ఏ సేనాపతీ అన్ని సైన్యాల్లో పనిచేయలేదు. ఏ పుణ్యాత్ముడూ అన్నిసార్లు తిరిగి లేవలేదు.

తాతకు ఎనభై ఏళ్ళు నిండుతున్నాయని సినిమావాళ్ళ సంఘం నుంచి ఫోన్ వచ్చింది. ఆయన గురించి ఒక పేజీ కావాలట. చదువు, బిరుదులు, అవార్డులు రాసి పంపమన్నారు. చదువు: ఏడో తరగతి. బిరుదులు: లేవు. అవార్డులు: స్టూడియో చేపల పోటీలో గెలిచిన కెటిల్ ఒకటి, మూత పోయింది. ఇంతా రాశాక పేజీ నిండా ఖాళీ మిగిలింది. వంటల కాలేజీ రెండో ఏడు మానేసి ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఆ ఖాళీ నింపే పని నా మీద పడింది.

అందరికీ తెలియని విషయం ఒకటుంది. పోయిన ఏడాది దాకా తాత వేసిన యాభై రెండు సినిమాల్లో ఒక్కదాంట్లో కూడా ఆయన గొంతు లేదు. మూతి ఆయనది, మాట పరాయివాడిది.

తాతది మీర్‌హొరొద్ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళప్పుడు కీవ్ వచ్చి స్టూడియోలో వడ్రంగి పనిలో చేరాడు. ఉత్తుత్తి గుడిసెలు, ఉత్తుత్తి గుడులు, ఉత్తుత్తి ఉరికంబాలు కట్టేవాడు. ఒకరోజు మంచులో పడి చావాల్సిన రౌతు పాత్రధారి తాగి వచ్చి, నిజంగానే మంచులో పడి నిద్రపోయాడు. దర్శకుడు అటూ ఇటూ చూసి, మేకులు నోట్లో పెట్టుకుని నిలబడ్డ మా తాత దవడ ఎముకలు చూశాడు. "ఆ మేకులు ఉమ్మేసి ఇటు రా" అన్నాడు. తాత మొదటిసారి చచ్చాడు. ఎంత బాగా చచ్చాడంటే, దాటాల్సిన గుర్రం ఆయన దగ్గరికొచ్చి ఆగిపోయిందట. ఆ తర్వాత సొంతంగా కట్టుకున్న ఉరికంబానికే వేలాడిన నటుడు మా తాత ఒక్కడే అయ్యుంటాడు.

రెండేళ్ళకు మాటలున్న పాత్ర దొరికింది. పదకొండు మాటలు. తాత వాటిని నెల రోజులు పలకలకు, రంపానికి, తోటి పనివాళ్ళకు అప్పజెప్పాడు. సినిమా విడుదలకు పల్లె నుంచి వాళ్ళమ్మ వచ్చింది, బుట్టలో గుడ్లు, గసాల రొట్టె పెట్టుకుని. కొడుకు తెరమీదికొచ్చాడు, నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఖాళీ పీపాలోంచి వచ్చినట్టు గంభీరమైన గొంతు వచ్చింది. మా ముత్తవ్వ చీకట్లో హాలంతా వినబడేలా అడిగింది:

"లావ్రూ, నా తండ్రీ, జలుబు చేసిందా?"

హాలు హాలంతా నవ్వింది. తాతకు ముందుగా ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చాక దర్శకుడు భుజం తట్టాడు. "ముఖం బంగారం, నాయనా. గొంతు మాత్రం... నీ పేరుకు తగ్గట్టు ఉంది." హొరొబెత్స్ అంటే పిచ్చుక. "వీరుడు పిచ్చుకలా కూస్తే శత్రువులు నవ్వుతారు. పైగా ఆ పల్లె యాస. ఏం చేస్తాం!"

ఆ రోజు నుంచి తాత మాటలు నేర్చుకోవడం మానేశాడు. అప్పట్లో కెమెరా ట్రాక్టర్‌లా మోగేది. షూటింగులో ఎవరేం అన్నా రికార్డు అయ్యేది కాదు, అన్నీ తర్వాత డబ్బింగు గదిలో కూర్చుని అద్దేవాళ్ళు. మూతి కదిలితే చాలు. దర్శకుడు "మోటర్!" అని అరవగానే, అంటే కెమెరా తిరగడం మొదలవగానే, తాత లెక్కపెట్టేవాడు. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు. ప్రేమగా లెక్కపెట్టేవాడు, కోపంగా లెక్కపెట్టేవాడు, కళ్ళనీళ్ళతో లెక్కపెట్టేవాడు. దేశం కోసం ప్రాణాలిస్తూ ఆయన చెప్పిన ఆఖరి మాటలు విని మూడు తరాలు ఏడ్చాయి. ఆయన నిజంగా అన్నది "నలభై ఆరు, నలభై ఏడు." పండగల్లో ఆ పాత సినిమాలు టీవీలో వేసినప్పుడు నేను శబ్దం తీసేసి మూతి చూసేదాన్ని. నాకు లెక్కలు నేర్పింది బడి కాదు, తాత చావులు.

మా అమ్మమ్మ ఉస్తీనాది ఇంకో కథ. ఆమె మేజోళ్ళ కార్ఖానాలో పనిచేసేది. తాత సినిమా ఒకటి ఏడుసార్లు చూసి, ఆ గొంతుకు మనసిచ్చేసి, స్టూడియో గేటు దగ్గర రెండు సాయంత్రాలు కాపు కాసింది. మూడో సాయంత్రం తాత బయటికొచ్చి "నమస్కారమండీ" అన్నాడు. అమ్మమ్మ ఆయన వెనకాల ఎవరున్నారా అని తొంగి చూసింది.

"మరి ఎందుకు చేసుకున్నావు?" అని అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతుంది. "ముఖమన్నా మిగిలింది కదే. రెండు సాయంత్రాలు చలిలో నిలబడ్డాను, ఉత్త చేతులతో ఎలా తిరిగెళ్తాను?"

తాత ఒకచోట కూర్చోలేడు. కీవ్‌లో షుల్యావ్కా పేటలోని మా ఇంట్లో నడవా పొడవు తొమ్మిది అడుగులు. యాభై ఏళ్ళుగా అటూ ఇటూ నడిచి, చెక్క నేలలో కాలువలాంటి గాడి పెట్టాడు. తింటూ నడుస్తాడు. వార్తలు వింటూ నడుస్తాడు. ఫోన్ తీగ ఉన్న రోజుల్లో అది కాళ్ళకు చుట్టుకుని పడ్డాడట. ఆయన్ను కూర్చోబెట్టే మార్గం ఒకటే ఉంది. మా సినిమావాళ్ళలో ఒక పట్టింపు ఉంది. పాత్ర కాగితాలు కింద పడితే, నటుడు వెంటనే వాటి మీద కూర్చోవాలి. బురదైనా మంచైనా సరే. కూర్చోకుండా తీస్తే ఆ పాత్ర చేజారిపోతుంది. అమ్మమ్మ ఈ పట్టింపును కాపురానికి వాడుకుంది. సూపు చల్లారిపోతుంటే ఆయన పాత్ర కాగితం బల్ల పక్కన కింద జారవిడిచేది. తాత దాని మీద కూర్చునేవాడు. గిన్నె చేతికిచ్చేది.

గత పదేళ్ళుగా ఆయన్ను ఎవరూ పిలవలేదు. కింద పడటానికి కాగితాలు కూడా లేవు. గాడి లోతవుతూ వచ్చింది.

పోయిన సెప్టెంబర్‌లో యారీనా అనే దర్శకురాలు ఫోన్ చేసింది. ముప్పై దాటని పిల్ల, మొదటి సినిమా. దెస్నా నది మీద పడవ నడిపే ముసలాయన పాత్ర ఉందంది. ఒక్క సన్నివేశం. తండ్రిని వెతుక్కుంటూ ఒక కుర్రవాడు రేవుకొస్తాడు. ముసలాయన నాలుగు మాటలు చెబుతాడు: "ఏమన్నా తిన్నావా? లోపలికి రా. పడవ రేపటిదాకా కదలదు. మీ నాన్నను అవతలికి దాటించింది నేనే, వెనక్కి రాలేదు."

తాత ఫోన్‌లో అడిగిన ఒకే ఒక ప్రశ్న నేను పక్కనుండి విన్నాను. "గొంతు ఎవరిది?"

"ఎవరిదేమిటండీ? మీదే. ఇప్పుడంతా అక్కడికక్కడే రికార్డు చేస్తాం. చొక్కా లోపల చిన్న మైకు పెడతాం."

తాత ఫోన్ పెట్టేసి ఆ రోజు నడవాలో ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టడం మానేశాను.

ఆ మూడు వారాలు మా బిల్డింగు మొత్తానికి ఆ నాలుగు మాటలు కంఠతా వచ్చాయి. లిఫ్టులో మూడో అంతస్తు ఆవిడను "ఏమన్నా తిన్నావా?" అని అడిగితే, ఆవిడ పాపం నిజమనుకుని, తాను తిన్నదంతా చెప్పుకొచ్చింది. దోసకాయ ఊరగాయ జాడీలకు పడవ రేపటిదాకా కదలదని చెప్పాడు. ఒకరోజు ట్రాలీబస్సు స్టాపులో గాలికి కాగితం ఎగిరి నీళ్ళగుంటలో పడింది. తాతకు అప్పుడు ఒంటి మీదున్నది నా పెళ్ళికని దాచిన ప్యాంటు. నాకు పెళ్ళికొడుకు లేడు, అది వేరే సంగతి. నేను కాగితం తీయబోయాను.

"ముట్టుకోకు!" అని కేకేసి ఆయన గుంటలో చతికిలబడ్డాడు.

స్టాపులో ఉన్న ఒక పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఈయనకు గుండెనొప్పి! అమ్మాయ్, నీళ్ళివ్వు!"

"నీళ్ళలోనే ఉన్నాడండీ" అన్నాను.

"సిగ్గులేదూ? తాతను లేపకుండా నవ్వుతున్నావా?"

"లేస్తాడు లెండి. పాత్ర తడిసిపోతుందని కాదు, పారిపోతుందని కూర్చున్నాడు."

ఆవిడ మా ఇద్దరినీ ఒకేలా చూసి వేరే బస్సెక్కింది. తాత ఇంటిదాకా ప్యాంటులోంచి నీళ్ళు కారుతూ నడిచాడు, కాగితాన్ని గుండెకు హత్తుకుని. "ఒరీస్యా, విన్నావుగా," అన్నాడు నాతో, "నా గొంతే. చచ్చేలోగా ఒక్కసారి. నలభై మూడుసార్లు చచ్చినా ఒక్కసారి కూడా అరవలేదే నేను."

నవ్వబోయి ఆగిపోయాను.

షూటింగు అక్టోబర్ చివర, దెస్నా ఒడ్డున. ఫ్లాస్కు, సాలో అనే ఉప్పు పందికొవ్వు ముక్కలు, రొట్టె, మారు చొక్కా మోసుకుని నేనూ వెళ్ళాను. ఒడ్డు నిండా పొగమంచు, కుర్రకారు, తీగలు. శబ్దం చూసే మనిషి స్తేఫా అని లావుపాటి ఆవిడ, చెవులకు పెద్ద డబ్బాల్లాంటివి తగిలించుకుని మడతకుర్చీలో కూర్చుని ఉంది. తాత చొక్కా లోపల ఆవిడే మైకు అతికించింది. "నవ్వకండి, తాతగారూ, గుండె చప్పుడు ఎక్కువొస్తోంది" అంది.

అంతా సిద్ధమైంది. కుర్ర నటుడు ఎదురుగా నిలబడ్డాడు. తాత తెడ్డు పట్టుకుని పైకి చూశాడు.  కెమెరా తిప్పమని యారీనా మెల్లగా చెప్పాల్సింది. కానీ ఆ పిల్ల పాత సినిమాల పిచ్చిది, తాతకు గౌరవంగా ఉంటుందని పాతకాలంలోలా గట్టిగా అరిచింది:

"మోటర్!"

తాత కళ్ళలో నీళ్ళు నిండాయి. పెదవి వణికింది. కుర్రవాడి వంక చూస్తూ, కొడుకును పోగొట్టుకున్న తండ్రిలా అన్నాడు:

"ముప్పై ఒకటి... ముప్పై రెండు... ముప్పై మూడు... ముప్పై నాలుగు."

కుర్రవాడికి ఏడుపు వచ్చేసింది, కానీ జవాబేం చెప్పాలో తెలియలేదు.  స్తేఫా ఒక చెవి డబ్బా పక్కకు తీసింది.

"ఏమిటి లెక్కపెడుతున్నాడు? చేపలా?"

రెండోసారి "ఏమన్నా తిన్నావా?" అని సరిగ్గానే మొదలుపెట్టి, "లోపలికి" దగ్గరికి రాగానే ముప్పై రెండులోకి జారిపోయాడు. మూడోసారి, నాలుగోసారి. యారీనా "మోటర్" అనడం మానేసి చెయ్యి ఊపింది. అయినా కెమెరా కన్ను చూడగానే ఆ ముసలి నోరు దాని పని అది చేసుకుపోయింది. అయిదోసారికి వెలుగు తగ్గిపోయింది.

యారీనా పరుగెత్తుకొచ్చి తాత చేతులు పట్టుకుంది. "లావ్రిన్ గారూ, అద్భుతం! ముఖం అద్భుతంగా వచ్చింది. మీరేం దిగులు పడకండి. గొంతు తర్వాత చూసుకుందాం."

ఆ పిల్లకు తెలియదు పాపం. తాత యాభై ఏళ్ళుగా విన్నది ఆ ఆఖరి మాటే.

ఆయన మైకు చొక్కాలోంచి పీకి స్తేఫా చేతిలో పెట్టి, ఒడ్డు వెంట నడిచాడు. నేను ఫ్లాస్కు పట్టుకుని వెనకాల పరుగెత్తాను.

"ఆగు తాతా, చలి!"

"ఎవరి మీద కోప్పడను, చెప్పు? ఒకప్పుడు వాళ్ళు నా నోరు నొక్కారు, సరే. ఇప్పుడు ఎవరూ నొక్కలేదే! తలుపు తీసి రా నాయనా అంటే, గుమ్మంలో నిలబడి లెక్కలు చదివాను."

"అంతమందిలో తడబడటం మామూలే..."

"తడబడలేదు. అదే నా బాధ. ఒక్క అంకె కూడా తప్పలేదు."

నవంబర్, డిసెంబర్, జనవరి. ఫోన్ మోగిన ప్రతిసారీ తాత నడవాలో ఆగేవాడు. మిగతావేళ ఆగేవాడు కాదు. అమ్మమ్మ విసుక్కుని పాత కరెంటు బిల్లులు కింద పడేసి చూసింది. తాత వాటి మీద నుంచి నడిచి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో యారీనా పిలిచింది. గొంతులు అద్దే గదికి రమ్మంది. "మీకో కానుక ఉంది, లావ్రిన్ గారూ. చెప్పను, వచ్చి చూడండి. ఉస్తీనా గారిని కూడా తీసుకురండి."

తాత క్షవరం చేయించుకున్నాడు. దారి పొడవునా ట్రాలీబస్సులో నిలబడే ఉన్నాడు, సీట్లు ఖాళీగా ఉన్నా. "నా గొంతు నన్నే చెప్పుకోమంటుంది. అదే కానుక. ఇంకేముంటుంది?" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

గదిలో తెర, మైకు, అద్దం అవతల స్తేఫా ఉన్నారు. కుర్చీలో ఊలు టోపీ పెట్టుకున్న ఒక చిన్న ముసలాయన, నా భుజం దాకా కూడా రాడు, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. యారీనా మొహం వెలిగిపోతోంది.

"లావ్రిన్ గారూ, ఈయన ఆర్సెన్ లుక్యానొవిచ్. ముప్పై ఏళ్ళు మీ గొంతు ఈయనదే! మిమ్మల్ని ఎవరూ ఎప్పుడూ కలపలేదట కదా. నా సినిమాలో కూడా మీ ముఖం, ఈయన గొంతు, ఆఖరిసారి కలిసి ఉండాలని నా కోరిక."

తాత ముఖం చూడలేక నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మమ్మ సంచీలోంచి లిప్‌స్టిక్ తీసి రాసుకుంటోంది.

తెర మీద తాత వచ్చాడు. నది, పొగమంచు, ఆ కళ్ళు. ఆర్సెన్ కుర్చీలోంచి లేవకుండానే, కళ్ళద్దాలు సర్దుకుని, ఒకేసారి చెప్పేశాడు. "ఏమన్నా తిన్నావా? లోపలికి రా..." ఎనభై నాలుగేళ్ళ ఆ చిన్న ఒంట్లోంచి అదే పీపా గొంతు. అంకెలు చెప్పిన మూతి మీద మాటలు ఎక్కడా జారకుండా కూర్చున్నాయి. యారీనా చప్పట్లు కొట్టింది. అద్దం అవతల స్తేఫా బొటనవేలు ఎత్తింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుని, "యాభై ఏళ్ళ కిందట ఈయన ఏ గేటులోంచి బయటికొచ్చేవాడో" అంది నిట్టూరుస్తూ.

తాత తలుపు వైపు నడిచాడు.

"ఏయ్, ఆగు!" ఆర్సెన్ చేతికర్రతో నేల కొట్టాడు. "ఎక్కడికి పోతావు, దొంగవెధవా? ముప్పై ఏళ్ళు నా కలల్లోకి వచ్చావు. రాత్రిళ్ళు మా ఆవిడ లేపేది, నిద్రలో లెక్కపెడుతున్నానని. ఒక్కసారన్నా రాసిన మాట పలికావా? వీరుడు ప్రాణం వదులుతాడు, కాగితం మీద 'సెలవు, అమ్మా' అని ఉంటుంది, నీ మూతి చూస్తే ముప్పై ఏడు! ఎక్కడ అతికించను?"

తాత వెనక్కి తిరిగాడు.

"నోట్లో నాలుక లేదా? నీ గొంతెలా ఉంటుందో ఇంతవరకూ నేను వినలేదు. ఏదన్నా అను."

"నమస్కారమండీ" అన్నాడు తాత.

ఆర్సెన్ నోరు తెరుచుకుంది. నవ్వాడు. నవ్వి దగ్గాడు, దగ్గి మళ్ళీ నవ్వాడు. నేను నీళ్ళిచ్చాను. తాత మెడ దాకా ఎర్రబడి నిలబడ్డాడు. గదిలో నవ్వనిది ఆయనొక్కడే.

"సరే" అన్నాడు ఆర్సెన్, కళ్ళు తుడుచుకుని. యారీనా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నేను చెప్పింది చెరిపెయ్యి."

"అయ్యో! ఎందుకండీ? అంత బాగా..."

"బాగానే చెప్పాను. నాది జనరల్ గొంతు. నేను 'లోపలికి రా' అంటే సైన్యం లోపలికొస్తుంది. రేవు దగ్గర గుడిసెలో ఉండే ముసలాడు ఇలా మాట్లాడతాడా? మాట్లాడితే వీడిలాగే మాట్లాడతాడు. ఇన్నాళ్ళూ వీడి మూతి నేను కడిగాను, ఈసారి వీడే కడుక్కోనీ."

"ఆర్సెన్ గారిదే ఉంచండమ్మా, నా మాట వినండి" అంది అమ్మమ్మ.

"ఉస్తీనా!" అన్నాడు తాత.

"ఏం? నిజం చెప్పకూడదా?"

యారీనా గడియారం చూసుకుంది. ఇంకో అరగంటలో గదిలోకి వేరేవాళ్ళు వస్తారట. ఆ పిల్ల తాత ముఖం, ఆర్సెన్ ముఖం మార్చి మార్చి చూసింది. తాను ఇస్తున్నది కానుక కాదని బహుశా అప్పుడే అర్థమైంది. "అరగంట" అంది. "కుదరకపోతే మాత్రం ఆర్సెన్ గారిదే. నాకు వేరే దారి లేదు, లావ్రిన్ గారూ."

తాత మైకు ముందు నిలబడ్డాడు. చెవులకు డబ్బాలు తగిలించారు. మొదటి మాట చెప్పి, ఉలిక్కిపడి తీసేశాడు.

"లోపల ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది."

"మీరేనండీ" అంది స్తేఫా.

జీవితమంతా ఏ గొంతు కోసం తపించాడో దాన్ని తాత అప్పుడే మొదటిసారి విన్నాడు. అది ఆయనకు నచ్చలేదు. ముఖం ముడుచుకుపోయింది. అయినా మళ్ళీ తగిలించుకున్నాడు.

ఇక మొదలైంది బాధ. తెర మీది తాత "ముప్పై ఒకటి" అంటున్నాడు, మైకు దగ్గరి తాత "ఏమన్నా తిన్నావా" అనాలి. మూతి ముందు మూసుకుంటుంది, మాట తర్వాత వస్తుంది. మాట ముందైతే మూతి వెనకబడుతుంది. పన్నెండుసార్లు. తాత కాళ్ళు నిలవక మైకు చుట్టూ తిరగబోయాడు, తీగ చుట్టుకుంది. "ఎవడీ గాడిద?" అని తెర వైపు అరిచాడు. "సరిగ్గా పలికి చావచ్చు కదా!"

"అదీ!" ఆర్సెన్ కుర్చీలో ఎగిరాడు. "ముప్పై ఏళ్ళు నేనన్నది అదే మాట!"

ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. ఆర్సెన్ కర్ర ఊతంగా లేచి వచ్చి తాత పక్కన నిలబడ్డాడు. టోపీ తాత మోచేతి దగ్గరికి వచ్చింది.

"మూతి చూడకు. మూతి చూస్తే మునిగిపోతావు. మెడ చూడు. ఊపిరి ఎక్కడ తీస్తాడో అక్కడ మాట పెట్టు. నువ్వు ఎప్పుడూ ముప్పై మూడు దగ్గర ఊపిరి తీస్తావు. నవ్వినా ఏడ్చినా కాల్చినా అక్కడే. నీకు తెలుసా?"

"తెలియదు" అన్నాడు తాత.

"నీకెందుకు తెలుస్తుంది? నీ ఊపిరి మోసింది నేను. ఊఁ, బొమ్మ వెయ్యండి. నేను తట్టినప్పుడు అను."

గదిలో దీపాలు ఆరాయి. నది వచ్చింది. ఆర్సెన్ చెయ్యి ఎత్తి తాత నడుము మీద తట్టాడు, భుజం అందక. "ఏమన్నా తిన్నావా?" మళ్ళీ తట్టాడు. "లోపలికి రా." తెర మీద తాత మెడలో నరం కదిలింది, ముప్పై మూడు, ఊపిరి. ఆర్సెన్ తట్టలేదు. ఆపాడు.  అప్పుడు తట్టాడు. "పడవ రేపటిదాకా కదలదు." తాత సన్నటి గొంతు కొద్దిగా వణికింది, మీర్‌హొరొద్ పల్లె అందులో అలాగే ఉంది. "మీ నాన్నను అవతలికి దాటించింది నేనే. వెనక్కి రాలేదు."

దీపాలు వెలిగాయి. స్తేఫా చెవి డబ్బాలు తీసి ముక్కు చీదుకుంది. యారీనా కాగితం మీద ఏదో కొట్టేసి ఏదో రాసింది. "ఇదే" అంది.

ఆర్సెన్ కుర్చీలో కూలబడ్డాడు. "పదమూడోసారికి కుదిరింది. నేనైతే ఒక్కసారికే చెప్పాను, అది గుర్తుంచుకో."

"మా ఇంటికి రండి, బోర్ష్ పెడతాను" అంది అమ్మమ్మ ఆయనతో. తాత వైపు తల కూడా తిప్పలేదు.

మే నెలలో సినిమా పడింది. హాలులో మేం ముగ్గురం ఒకే వరుసలో, ఆర్సెన్ అమ్మమ్మకు అటువైపు. తాతను కూర్చోబెట్టడానికి టికెట్లు సీటు మీద వేసి, వాటి మీద కూర్చోమన్నాను. కూర్చున్నాడు కానీ కాళ్ళు రెండూ ఆడుతూనే ఉన్నాయి, వరుస మొత్తం కదిలింది. రేవు వచ్చింది. పొగమంచు వచ్చింది. పన్నెండు సెకన్లు. యాభై మూడో సినిమాలో లావ్రిన్ హొరొబెత్స్ తన నోటితో తను మాట్లాడాడు. ఈ సినిమాలో చావలేదు కూడా.

మా వెనక వరుసలో ఒకాయన పక్కావిడ చెవిలో అన్నాడు. గుసగుసే, కానీ మాకు వినబడింది. "ముఖం ఎంత గొప్పగా ఉంది! గొంతే అతకలేదు. ఎవడో సన్నవాడితో చెప్పించారు, డబ్బు మిగుల్చుకోవడానికి."

తాత లేచి నిలబడ్డాడు. తెర మీద నది సగం ఆయన నీడ వెనక్కి పోయింది.

"నాదే!" అన్నాడు వెనక్కి తిరిగి. "వినబడిందా? నాదే!"

"కూర్చోవయ్యా హొరొబెత్స్, వినబడింది" అంది అమ్మమ్మ చొక్కా పట్టి లాగుతూ. లాగిన చెయ్యి సినిమా అయ్యేదాకా వదల్లేదు. అది నేను చీకట్లోనే చూశాను, ఆవిడ ఒప్పుకోదు.

ఇదీ నేను రాసిన పేజీ. పేజీ అంటే తొమ్మిదయ్యాయి. సంఘానికి పంపేముందు తాతకు చదివి వినిపించాను. ఆయన నడవాలో గాడి వెంట నడుస్తూనే విన్నాడు. ఒకచోట ముక్కు ఎగబీల్చాడు, ఎక్కడో చెప్పను. అయిపోయాక నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, బరువు చూసినట్టు చూసి, నేల మీద పడేశాడు.

"ఇందులో నేనన్నట్టు రాసిన మాటల్లో ఒక్కటీ నాది కాదు. నువ్వూ నాకు డబ్బింగే చెప్పావు. కూర్చో వాటి మీద. మళ్ళీ రాయి."